అందరూ ఒప్పుకున్న మాట

ఆదివారం

బుంగీ, నేను గెలిచానే.

నువ్వుంటే పడీ పడీ నవ్వేదానివి. ఇస్త్రీ కొట్టు మనిషికి పార్లమెంటేమిటని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్లే వెళ్లి ఓటు వేసి వచ్చారు. గుర్తు కూడా ఇస్త్రీపెట్టే ఇచ్చారు. గెలిచానని తెలిసినప్పుడు మీ నాన్న ఏమన్నాడో తెలుసా, "ఇన్నాళ్లూ చొక్కాలకి పెట్టిన వాతలు ఇప్పుడు పెద్దవాళ్లకి పెట్టావు" అన్నాడు. అనేసి పెరట్లోకి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కుని వచ్చాడు.

గెలిచినవాళ్లకి తలా ఒక సంచీ ఇచ్చారు. అందులో నిబంధనల పుస్తకం, ఒక పెన్ను, ఈ డైరీ ఉన్నాయి. పుస్తకం చాలా లావుగా ఉంది, పక్కన పెట్టాను. డైరీ కాగితం నున్నగా బాగుంది. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, సంతకం అంటే చాలు చెయ్యి బిగుసుకుపోతుంది. రోజూ నాలుగు ముక్కలు రాస్తే వేళ్లు సాగుతాయని రాస్తున్నాను. అంతకు మించి ఏమీ లేదు. నీకు రాస్తున్నానని అనుకోకు.

ఓటు అడిగిన ప్రతి వాకిట్లో నేను రెండే మాటలు చెప్పాను. మన రేవులో లాంచీ ఎక్కేవాళ్లని లెక్కపెట్టే మనిషిని మళ్లీ నిలబెట్టిస్తానని ఒకటి. నీకు గుర్తుందిగా, ఈల వేసి చెయ్యి అడ్డం పెట్టే ముసలాయన. "చాలు, తర్వాతి లాంచీకి రండి" అంటే ఎంత తొందరున్నవాడైనా ఆగేవాడు. ఖర్చు దండగని దేశమంతటా ఆ ఉద్యోగాలు తీసేశారు. ఆ తర్వాత వానాకాలంలోనే జనం కిక్కిరిసి నీ లాంచీ మునిగింది. తీసేసిన కాగితం మీద సంతకం పెట్టింది అప్పటి మంత్రి, మన రేవులో అందరూ పడవల మంత్రి అంటారే, వాడు. వాడి తప్పు వాడి మీద రాయిస్తానని రెండో మాట.

మూడోది వాకిళ్లలో చెప్పలేదు. నీ ఫోటో ముందు చెప్పాను. వాడున్న ప్రభుత్వానికి చెయ్యెత్తనని.

మంగళవారం

రాజధానికి వచ్చాను. మీ నాన్న రాలేదు, కొట్టు ఎవరు చూస్తారు. గెస్ట్ హౌస్‌లో గది ఇచ్చారు. కర్టెన్లు ముడతలు పడి వేలాడుతున్నాయి, చూస్తూ ఊరుకోలేకపోయాను. ఇస్త్రీపెట్టె ఇవ్వమంటే "మీరు ఎంపీ గారు కదండీ, మేం చేయిస్తాం" అన్నారు. చేయించలేదు.

సంగతేమిటంటే, గొడుగు పార్టీ వాళ్లు అందరికంటే ఎక్కువ గెలిచారు, అయినా సగానికి రాలేదు. ఇన్నాళ్లూ ఏలిన నిచ్చెన పార్టీ వాళ్లు దిగిపోయారు గానీ పూర్తిగా పోలేదు. ఈ ఇద్దరూ కలిసినా సగానికి ఒక్క తల తక్కువ. మిగిలినవాళ్లు ఎవరితోనూ కలవమని భీష్మించుకుని కూర్చున్నారు. ఆ ఒక్క తలా నాదేనట.

గొడుగు పార్టీ తరఫున బేరాలు మాట్లాడే లాయరమ్మ సాయంత్రం నా గదికి వచ్చింది. నా ఈడుదే. మంచం మీదే కూర్చుంది.

"అక్కా, మీరొక్కరే ఒక పక్షం. మీకు మీరే నాయకురాలు, మీకు మీరే కార్యకర్త. మీలో చీలికలు రావు, అదొక్కటే మాకు హాయి" అంది.

"రావని ఎలా చెప్తావమ్మా" అన్నాను.

నవ్వింది. నేను నవ్వలేదు. నిచ్చెన పార్టీ అంటే వాడూ ఉంటాడు కదా. అడిగాను. "ఉంటాడక్కా. వాళ్లలో మాట చెల్లేది ఆయనదే. మీరు ముందు వచ్చి కూర్చోండి, కూర్చున్నంత మాత్రాన సంతకం పెట్టినట్టు కాదు" అంది.

కూర్చోవడానికి ఒప్పుకున్నాను. కూర్చోవడమే.

బుధవారం

పొడుగాటి బల్ల. ఇటు గొడుగు వాళ్లు, అటు నిచ్చెన వాళ్లు, చివర నేను. నా పక్కన టైపు చేసే అమ్మాయి. ఆ అమ్మాయి సందు దొరికినప్పుడల్లా అక్కడ ఏం జరుగుతోందో నా చెవిలో చెప్పింది.

వాడిని దగ్గరగా చూడటం ఇదే మొదలు. టీవీలో చూసి ఆజానుబాహువు అనుకున్నాను. నాకంటే పొట్టి.

ముందుగా ఒక పద్ధతి రాసుకున్నారు, అందరం సంతకాలు పెట్టాం. ఎవరికి కావలసినవి వాళ్లు చెప్పాలి. ఎవరైనా కాదంటే అది తేడాల కాగితంలోకి వెళ్తుంది. ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్న కాగితంలోకి వెళ్తుంది. తేడాల కాగితంలో ఉన్నవాటినే రోజూ కూర్చుని తేల్చాలి. ఏదీ తేలకుండా మిగిలిపోకూడదని ఈ ఏర్పాటట. తెలివైన పద్ధతే అనిపించింది.

నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. కూర్చునే చెప్పమన్నారు. నాకు కూర్చుంటే మాట రాదు. రేవుకొక లెక్క మనిషి ఉండాలి, అతను లాంచీ యజమాని మనిషి కాకూడదు, ప్రభుత్వం మనిషి కావాలి, అతను ఆపమంటే ఆపాలి అన్నాను. ఆ మాటకి ముందు ఇంకో వాక్యం ఉండాలన్నాను. లెక్క మనుషుల్ని తీసెయ్యడం పోయిన ప్రభుత్వం చేసిన తప్పు, దానివల్ల ప్రాణాలు పోయాయి అని.

ఆ వాక్యం చెప్తున్నప్పుడు వాడి వైపే చూశాను. వాడు కాగితాల వైపు చూశాడు.

"అభ్యంతరాలున్నాయా?" అని లాయరమ్మ అడిగింది.

ఎవరూ కాదనలేదు. అందరూ తలలూపారు. నిచ్చెన వాళ్లు గొడుగు వాళ్లకంటే గట్టిగా ఊపారు. వాడు కూడా తల ఎత్తకుండానే ఊపాడు. కప్పులో టీ చల్లారేలోపు అయిపోయింది. ఇంత తేలికని తెలిస్తే ఇన్ని రాత్రులు మథనపడేదాన్ని కాదు.

మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "అంతేనా?" అన్నాడు.

"అంతే."

"వాడు కూడా ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు."

"ఎవరిదో పట్టు చీర మాడ్చానే" అన్నాడు.

శుక్రవారం

చేపల శాఖ ఎవరికని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా. నేను వింటూ కూర్చున్నాను. బాగానే ఉన్నాను.

ఆదివారం

సెలవు. ఏమీ చెయ్యలేదు. నీ ఈడు పిల్లలు నవ్వుకుంటూ రోడ్డు దాటుతుంటే కిటికీలోంచి చూశాను.

సోమవారం

ఇవాళ చేపల శాఖ తేలింది. సగం వాళ్లకి, సగం వీళ్లకి. చేప తల వాళ్లకి, తోక వీళ్లకి అని టైపు అమ్మాయి నా చెవిలో అంది. పైకే నవ్వాను. అందరూ నా వైపు తిరిగారు. నీతో సినిమాకి వెళ్లినప్పుడు నువ్వు ఇలాగే చెవిలో గొణిగి నన్ను నలుగురిలో నవ్వించి, తిట్లు తినిపించేదానివి. ఈ పిల్ల అలాంటిది కాదు. నెమ్మది.

తర్వాత కిటికీ ఉన్న గది ఏ మంత్రికి అని మొదలుపెట్టారు.

ఇంకో సంగతి. వాడి చొక్కా చేతుల మీద రెండేసి మడత గీతలుంటున్నాయి. ఒక గీత మీద పెట్టె సరిగ్గా పడక పక్కన ఇంకోటి పడుతుంది, కొత్తగా ఇస్త్రీ నేర్చుకునేవాళ్ల పని అది. అంటే వాడే చేసుకుంటున్నాడు. ఇంట్లో మనిషి లేదా, ఉండీ చెయ్యదా, నాకెందుకు. ఎందుకు రాశానో కూడా తెలియదు.

బుధవారం

ఒప్పందం పూర్తయింది, చదువుకుని చెప్పండి అని నకలు ఇచ్చారు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నువ్వు మర బిగించి ఇచ్చిన కళ్లజోడుతో కూడా ఆనలేదు. టైపు అమ్మాయిని గదికి పిలిచి చదవమన్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివింది. రేవు రాలేదు.

"ఇంకోసారి చదువమ్మా, మధ్యలో కునుకు పట్టినట్టుంది" అన్నాను. కునుకు పట్టలేదు.

ఇంకోసారి చదివింది. చేపలున్నాయి. కిటికీ ఉన్న గది కూడా ఉంది. రేవు లేదు.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అమ్మగారూ, నాకు తేడాల కాగితం ఒక్కటే ఇచ్చి, దీన్నిబట్టి టైపు చెయ్యమన్నారండీ. రెండోది ఎవరూ ఇవ్వలేదు" అంది. ఆ పిల్ల తప్పేముంది.

లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఫైళ్లు సర్దుకుంటోంది.

"అది అందరూ ఒప్పుకున్నదే కదక్కా. గొడవ లేనిదాన్ని మళ్లీ రాయడమెందుకు?" అంది.

"గొడవ లేకపోతే రాయడానికి కష్టమేముంది?"

"మీదొక్కటీ చేరిస్తే ఊరుకుంటారా? ఒప్పుకున్న కాగితంలో నిచ్చెన వాళ్లవీ ఉన్నాయి, మావీ ఉన్నాయి. అన్నీ ఎత్తాలంటారు. సోమవారం లోపల సంతకాలు చూపించకపోతే మళ్లీ ఎన్నికలే, దేశాధ్యక్షుడు తెగేసి చెప్పాడు."

"మరి ఆ కాగితం ఏమైంది?"

"ఉందక్కా. ఫైల్లో భద్రంగా ఉంది."

"మా కొట్టులో పైఅరలో కూడా కొన్ని బట్టలు భద్రంగా ఉన్నాయమ్మా. ఇచ్చినవాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు" అన్నాను.

ఆవిడ లేచి తలుపు వేసి వచ్చింది. "ఒక మాట చెప్తాను, నేను చెప్పానని అనకండి. బేరాల్లో నలిగినవాళ్లు, తమకి ఇష్టం లేనిదాన్ని ఎప్పుడూ కాదనరు. కాదంటే దాని మీద చర్చ వస్తుంది, చర్చ వస్తే ఎంతో కొంత రాయాలి. తల ఊపేస్తే ఆ రెండో కాగితంలోకి పోతుంది. అక్కడి నుంచి ఏదీ తిరిగి రావడం నేను చూడలేదు."

"నీకు మొదటి రోజే తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"మా పెద్దాయన ప్రధాని కావాలి కదక్కా" అంది. అబద్ధం ఆడలేదు, అంతవరకు నయం.

గురువారం పొద్దున

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. కాదన్నదే చర్చకి వస్తుందంటే, ఆ మాటని నేనే కాదంటే సరి. లాయరమ్మకి చెప్పాను.

"మీ మాటకి మీరే అడ్డమా అక్కా? అడిగినవాళ్లు కాదనకూడదని పద్ధతిలోనే రాసుకున్నాం. మీరూ సంతకం పెట్టారు" అంది.

"అయితే మీ వాళ్లని ఎవరినైనా కాదనమను."

"లాంచీలో కూతుర్ని పోగొట్టుకున్న తల్లి మాటకి అడ్డం చెప్పాడని పేపర్లో వస్తే వాడికి మళ్లీ జన్మలో ఓటు పడుతుందా? ఎవరూ లేవరు."

అందరూ నా మీద ఇంత దయ చూపిస్తే నేనెక్కడికి పోవాలి, బుంగీ.

సంతకం పెట్టనని అడ్డం తిరగొచ్చు. మళ్లీ ఎన్నికలు, మళ్లీ వాకిళ్లు. అవన్నీ అయ్యేసరికి వానలు వచ్చి వెళ్లిపోతాయి. ఇవాళ ఆఖరి మీటింగు.

గురువారం సాయంత్రం

వాడు లేచి నా మాటకి అడ్డం చెప్పాడు. వాడి బుద్ధి నాకు ముందే తెలుసు. ఇంకేం రాయను.

శుక్రవారం

నిన్న కోపంలో రాయలేదు. జరిగింది ఇది.

మీటింగు మొదలవగానే, నా రేవు మాట ఒప్పందంలో లేదు, చేర్చండి అన్నాను. అందరూ మంచిగా మాట్లాడారు. రాయకపోయినా చేస్తాం అన్నారు. మాట ఇస్తున్నాం అన్నారు. మీ బాధ మా బాధ అన్నారు. అభ్యంతరం ఎవరికీ లేదు కాబట్టి ఇక ముందుకు వెళ్దామని లాయరమ్మ కాగితం తిప్పబోయింది.

"నాకుంది" అన్నాడు వాడు.

గది చల్లబడిపోయింది. పక్కనున్న నిచ్చెన పార్టీ మనిషి వాడి చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. వాడు విదిలించుకున్నాడు. "ఆవిడ చెప్పిన రెండు వాక్యాలకీ నాకు అభ్యంతరం ఉంది. రాసుకోండి" అని కూర్చున్నాడు.

నేను బయటికి వచ్చేశాను. మెట్ల దగ్గర నిలబడి ఉంటే టైపు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మగారూ, లోపలికి రండి. అది ఇక తేడాల కాగితంలోకి వచ్చేసింది. రేపు తేల్చాల్సిందే" అంది.

కోపంలో ఆ మాట తలకెక్కలేదు, రాత్రి పడుకున్నాక తట్టింది.

ఇవాళ మధ్యాహ్నమంతా నా మాట మీదే చర్చ. వాడు అటు నుంచి, నేను ఇటు నుంచి. మిగిలినవాళ్లు ఆటలో బంతిని చూసినట్టు తలలు తిప్పుతూ కూర్చున్నారు.

"జీతం ఎవరిస్తారు?" అన్నాడు.

"టికెట్టు మీద చిల్లర పెంచండి. మేం ఇస్తాం."

"గాలీ వానా వస్తే మీ లెక్క మనిషి రేవులో నిలబడతాడా? చెట్టు కిందికి పోతాడు."

"గది కట్టండి. కిటికీ ఉన్న గది మీద ఒక రోజంతా మాట్లాడారుగా, అలాంటిదొకటి."

ఎవరో నవ్వి ఆపుకున్నారు. వాడు నవ్వలేదు.

"లాంచీ యజమానీ వాడూ రోజూ ఒకే చోట ఉంటారు. నాలుగు రోజులకి బావా బావా అనుకుంటారు. అప్పుడు?"

కాస్త ఆలోచించి, ఒకే మనిషిని ఒకే రేవులో ఎక్కువ కాలం ఉంచొద్దు, మారుస్తూ ఉండండి అన్నాను. లాయరమ్మ రాసుకుంది.

"సరే. వాడు ఆపమన్నాడు. నడిపేవాడు ఆపలేదు. లెక్క మనిషి ఏం చేస్తాడు, నీళ్లలోకి దూకి పట్టుకుంటాడా?"

ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు, బుంగీ. మన ముసలాయన చెయ్యి అడ్డం పెడితే అందరూ ఆగేవారు. అందరూ ఆయన లాంటి వాళ్లే ఉంటారా, ఎదుటివాళ్లందరూ ఆగేవాళ్లే ఉంటారా. వాడు ముందున్న కాగితాలు సర్దాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, ఎవరినో కసురుకున్నట్టు అన్నాడు. "ఇంజను తాళంచెవి లెక్క మనిషి దగ్గర ఉండాలి. లెక్క సరిపోయాక అతను ఇస్తేనే లాంచీ కదలాలి. అది లేకపోతే మిగతాదంతా ఉత్త కాగితం. ఉత్త కాగితానికి నేను ఒప్పుకోను. అదీ నా అభ్యంతరం."

లాయరమ్మ అదీ రాసుకుంది.

లెక్క మనిషి గురించి ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు వాడు రెండోది బయటపెట్టాడు. మొదటి వాక్యం తీసెయ్యాలి. పోయిన ప్రభుత్వం తప్పు, దానివల్ల ప్రాణాలు పోయాయి అన్నది. అది తీసేస్తే అభ్యంతరం వెనక్కి తీసుకుంటాడు. లేకపోతే లేదు.

"ఆ వాక్యం ఉంటే మా వాళ్లు ఒక్కరూ సంతకం పెట్టరు. పెట్టమని నేనూ చెప్పలేను" అన్నాడు.

రేపు చెప్తానని వచ్చేశాను.

శనివారం

మీ నాన్నకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను.

"ఏమే, ఊరుకుంటే దానంతటదే పోయేది కదా. వాడెందుకు లేచాడంటావ్?"

"తెలివితక్కువ."

"మంత్రిగా చేశాడు మరి."

"తెలివితక్కువ వాళ్లే చేస్తారయ్యా."

"ఇప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు."

వెనకాల ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఆ మొదటి మాట పోతే ఎలాగయ్యా? ఊరంతా తిరిగి చెప్పాను. వాడి మీద రాయిస్తానని."

"ఎవరి కోసం రాయిద్దామని?"

"దాని కోసం."

"చదువుతుందా?" అన్నాడు. గట్టిగా అనలేదు. నిజంగా అడిగినట్టే అడిగాడు.

నా చేతి కింద ఈ డైరీ ఉంది.

"ఇక్కడ మబ్బు పట్టింది" అన్నాడు తర్వాత. "పొద్దున లాంచీ పోతుంటే చూశాను. నీళ్లు అంచు దాకా ఉన్నాయి."

"ఎంతమంది ఎక్కారు?"

"ఎక్కినంతమంది."

ఫోన్ పెట్టేశాక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి చాలాసేపు తిరిగాను. వాడికి తెలివి లేదు, అంతే. లెక్క తెలియక లేచాడు. లేకపోతే తన పేరు బయటికి రాకూడదని లేచాడు. కానీ మొదటి రోజు తల ఊపినప్పుడే ఆ పేరు ఫైల్లోకి వెళ్లిపోయింది కదా, భద్రంగా. పోనీ, పత్రికల్లో పేరు కోసం లేచాడు. ఈ పేరు ఎవరు కోరుకుంటారు, తల్లి మాటకి అడ్డం పడ్డవాడని. ఎలా తిప్పినా ఒకవైపు ముడత ఉండిపోతోంది. తెలివితక్కువ అనుకుంటేనే చదునుగా ఉంది. అలాగే అనుకుంటాను.

మధ్యాహ్నం వెళ్లి, మొదటి వాక్యం తీసెయ్యండి అన్నాను. నిలబడే చెప్పాను.

లాయరమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు గానీ పట్టుకోనూ లేదు.

శనివారం, పడుకునే ముందు

తీసెయ్యమన్నానే.

ఆదివారం

సంతకాలు అయ్యాయి. టైపు అమ్మాయి ముందే చదివి వినిపించింది. రేవు ఉంది. లెక్క మనిషి ఉన్నాడు. గది ఉంది. తాళంచెవి ఉంది. వానలకి ముందే మొదలుపెట్టాలని కూడా ఉంది. అది నేను అడగలేదు. ఎవరు చేర్చారని అడిగితే లాయరమ్మ, "ఏమో అక్కా, నిన్న సాయంత్రం నిచ్చెన వాళ్ల కాగితంలో వచ్చింది" అంది.

సంతకం కుదురుగానే వచ్చింది.

కిందికి దిగుతుంటే లిఫ్టులో ఎవరూ లేరని ఎక్కాను. తలుపు మూసుకోబోతుంటే అతను వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. నేను దిగలేదు. అతనే లోపలికి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏ అంతస్తమ్మా?" అన్నాడు.

"కిందికి."

నొక్కాడు. ఇద్దరం తలుపు వైపు చూస్తూ నిలబడ్డాం. అతను గొంతు సవరించుకున్నాడు. ఏదో అంటాడనుకున్నాను. అంటే ఏం చెయ్యాలో తెలియక నా సంచీ గట్టిగా పట్టుకున్నాను. అనలేదు. తలుపు తెరుచుకుంది. ముందు నన్ను దిగనిచ్చాడు.

వీధిలోకి వచ్చాక గెస్ట్ హౌస్ దాటి చాలా దూరం నడిచేశాను. ఎండ వల్ల అయి ఉంటుంది.

సోమవారం

కొత్త మంత్రుల ప్రమాణాలు. అతనికి పడవలు ఇవ్వలేదు, వేరే ఏదో శాఖ ఇచ్చారు. నేను వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను. మీ నాన్నకి కూడా తలనొప్పి అనే చెప్పాను.

రేపు సభలో బలం చూపించాలి. ఒప్పందం మీద సంతకం పెట్టడం ఒకటి, లేచి చెయ్యెత్తడం ఒకటి. ఇంకా ఎత్తలేదు. ఎత్తకపోతే ప్రభుత్వం పడిపోతుంది, ఒప్పందం కూడా ఆ రెండో కాగితం పక్కకి చేరుతుంది. తెలుసు. తెలిసీ ఇలా కూర్చున్నాను.

నీ ఫోటో ముందు అన్న మాట ఎవరూ వినలేదు. నువ్వు విన్నావో లేదో నాకు తెలియదు. నేను విన్నాను.

మంగళవారం

సభ చాలా పెద్దది. కుర్చీలు మెత్తగా ఉన్నాయి, కూర్చుంటే లేవబుద్ధి కాదు. అందుకే కాబోలు ఎవరూ లేవరు.

అనుకూలంగా ఉన్నవాళ్లు లేచి చెయ్యెత్తండి అన్నారు. గొడుగు వాళ్లు లేచారు. నిచ్చెన వాళ్లు లేచారు. అతను నాకు రెండు వరసల ముందు ఉన్నాడు. లేచాడు. చెయ్యెత్తితే చొక్కా చెయ్యి జారి మోచేతి దగ్గర ఆగింది. లెక్కపెట్టే ఉద్యోగి అటు చివర నుంచి వేలుతో చూపిస్తూ, పెదాలు కదుపుతూ వస్తున్నాడు. ఒక్కొక్క తల. ఎవరినీ వదలకుండా, ఎవరినీ రెండుసార్లు చూడకుండా. అంత పెద్ద సభలో అందరూ ఆ మనిషి కోసం ఆగారు. కొత్త ప్రధాని కూడా ఆగాడు.

లాయరమ్మ నా వైపు తిరిగి చూసింది. అతను తిరగలేదు.

ఆ ఉద్యోగి నా వరసకి వచ్చేశాడు. నేను లేచాను. చెయ్యెత్తాను, బుంగీ. వేలు నా మీద ఆగి, పక్కకి వెళ్లింది.

తర్వాత చప్పట్లు కొట్టారు. పూలు తెచ్చారు. లాయరమ్మ కళ్లు తుడుచుకుంది. మీ నాన్న ఫోన్ చేసి, "టీవీలో చూశాను, చెయ్యి బాగా ఎత్తావు" అన్నాడు. ఇంకేం అడగలేదు. వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలని నేనే అడిగాను. ఏమీ వద్దన్నాడు, తొందరగా రమ్మన్నాడు.

నీకు చెప్పకుండా ఏ పనీ చెయ్యలేదు, ఇది కూడా చెప్తున్నాను. అతని మీద రాయిస్తానన్నది రాయించలేదు. చెయ్యెత్తనన్నదానికి ఎత్తాను. అతను తప్పు చేశానని ఎక్కడా అనలేదు, నేను అనిపించలేదు. తాళంచెవి మాత్రం తెచ్చాను. వానలకి ముందే రేవులో మనిషి ఉంటాడు.

నీకు కోపం రావచ్చు. రానీ. ఎన్నాళ్లైనా మాట్లాడకు, నేను ఏమీ అనుకోను. అన్నం మీద మాత్రం ఆ కోపం చూపించకు, తల్లీ. వేళకి కడుపు నిండా తిను.